వాటాల వారికి యుద్ధభయం

మన అమ్మమ్మలు డబ్బు దాచుకునే చోట్లు మూడే మూడు. పోపులపెట్టెలో కొంత, బియ్యపు డబ్బా అడుగున కొంత, మిగిలిందంతా మెడలోనూ చేతులకూనూ. ఎక్కడో సరిహద్దులో తుపాకులు పేలుతున్నాయని రేడియోలో చెబితే "అయ్యో, ఎవరు కన్న బిడ్డలో!" అని నిట్టూర్చి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేవారు. ఆ పేలుడుకి పోపులపెట్టెలోని పదిరూపాయల నోటు ఉలిక్కిపడేది కాదు.

మన సంగతి అలా లేదు. ఇప్పుడు నోటుకు చెవులొచ్చాయి. ఏడు సముద్రాల అవతల ఒకాయన ఇంకొకాయన మీద కయ్యానికి కాలు దువ్వితే చాలు, ఇక్కడ సైదాబాదులో మా మేడమెట్ల మీద ఇద్దరు ఇల్లాళ్ళు కూచుని, ఫోన్లు తెరిచి, "నాది నాలుగువేలు పోయింది", "నాది ఏడు" అని లెక్కలు చెప్పుకుంటున్నారు. మ్యూచువల్ ఫండ్లు కదా! నెలనెలా బ్యాంకు ఖాతాలోంచి వెయ్యో రెండువేలో దానంతటదే వెళ్ళిపోయే ఏర్పాటు. దాన్ని సిప్ అంటారు. ఇంగ్లీషులో సిప్ అంటే గుక్క అని కూడా ఉంది కాబట్టి నేను దానికి గుక్క అనే పేరు పెట్టుకున్నాను. 2025 మే నెలలో దేశం మొత్తం మీద ఈ గుక్కల లెక్క 26 వేల కోట్ల రూపాయలు దాటిందంటే, మనం ఎంతమందిమి తాగుతున్నామో చూడండి. గ్లాసులో ఏముందో చూసి తాగేవారు ఎంతమందో మాత్రం అడక్కండి.

ఇంటర్మీడియట్ పిల్లలకు పాతికేళ్ళు అర్థశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని కనక, మా వీధిలో ఎవరికి ఏ అనుమానమొచ్చినా నా దగ్గరికే వస్తారు. మా వారికి ఇది నవ్వులాట. "డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టు వస్తున్నారు, ఫీజు పెట్టరాదూ" అంటారు. ఫీజు మాట అటుంచి, నిజంగానే వాళ్ళు రోగం చూపించుకునే మొహాలతోనే వస్తారండీ. 2025 మే నెలలో వచ్చినవారి మొహాలు నేనింకా మరచిపోలేదు.

మాది మూడు వాటాల ఇల్లు. ఈ వాటాలు షేర్లు కావు, అద్దెవాటాలు. కింద మేము. మధ్యవాటాలో నల్లగొండ వైపునుంచి వచ్చిన కుటుంబం, ఆయన ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. పైవాటాలో ఒకావిడ. భర్త లేరు, ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో ఉన్నాడు, అప్పుడు జమ్మూ దగ్గర పోస్టింగు. ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో 26 మందిని ఉగ్రవాదులు కాల్చి చంపిన దగ్గర్నుంచీ పైవాటా ఆవిడకు తిండి సయించలేదు. మధ్యవాటా ఆవిడకు నిద్ర పట్టలేదు. ఇద్దరి దిగులూ ఒకే వార్తలోంచి వచ్చింది, కాని ఒకటి కాదు.

మధ్యవాటా ఆవిడ దిగులు ఏమిటంటే, ఆయన రిటైరైన డబ్బులో ఆరు లక్షలు షేర్ల ఫండులో వేశారు. శ్రావణంలో కూతురి పెళ్ళి. అటు చూస్తే బంగారం ఆ ఏప్రిల్‌లోనే పది గ్రాములు లక్ష రూపాయలు తాకి కూచుంది. ప్రపంచంలో ఎక్కడ భయమేసినా బంగారం పెరుగుతుంది, వాటాలు తగ్గుతాయి. ఆడపిల్ల తల్లికి రెండువైపులా వాత అన్నమాట.

మే 7 తెల్లవారుజామున మనవాళ్ళు సరిహద్దు అవతలి ఉగ్రవాద స్థావరాల మీద దాడి చేశారు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి హైదరాబాదులో సైరన్లు మోగాయి. నిజం దాడికి కాదు, జనానికి అలవాటు చేయడానికి పెట్టిన కసరత్తు. మా ఇంటికి దగ్గరలోని కంచన్‌బాగ్‌లో కూడా జరిగింది. సైరను ఆగిందో లేదో, మధ్యవాటా ఆవిడ మెట్లు దిగి వచ్చింది.

"అక్కా, ఏం జేద్దామంటరు? అమ్మేద్దామా?"

"ఇవాళ వాటాలు పడ్డాయా?" అన్నాను.

"లేదక్కా. అదే నాకు సమజైతలేదు. లడాయి మొదలైంది, గియి పెరిగినయి."

నిజమే. ఆ బుధవారం బొంబాయి సూచీ సెన్సెక్సు 106 పాయింట్లు పెరిగి 80,746 దగ్గర ఆగింది. గురువారం 412 పాయింట్లు తగ్గింది. శుక్రవారం ఇంకో 880 తగ్గి 79,454కు దిగింది. శనివారం, అంటే 10వ తేదీ సాయంత్రం కాల్పుల విరమణ అన్నారు. సోమవారం మార్కెట్టు తెరిచీ తెరవగానే పరుగే పరుగు, ఒక్కరోజులో 2,975 పాయింట్లు! అవతలి దేశంలోనూ ఇదే తంతు. కరాచీ మార్కెట్టులో 8వ తేదీన సూచీ ఎంత పడిందంటే కాసేపు వ్యాపారం ఆపేశారు, 12వ తేదీన ఎంత లేచిందంటే అప్పుడూ కాసేపు ఆపేశారు. ఏడ్చినా ఆపాలి, నవ్వినా ఆపాలి! సరిహద్దుకు ఆ పక్కవాడూ ఈ పక్కవాడూ డబ్బు విషయంలో ఎంత ఒక్కలాగే ఉంటారో చూశారా.

సరే, యుద్ధం మొదలైన రోజున పెరగడమేమిటి, మూడో రోజున పడడమేమిటి అన్నారా? దానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. మన కుళాయి సంగతి ఆలోచించండి. "రేపటినుంచి నీళ్ళు రావట" అని ఎవరైనా అంటే ఏం చేస్తాం? ఉన్న బిందెలూ బకెట్లూ చాలక, పెరుగు గిన్నెలో కూడా పట్టి పెడతాం. వీధి వీధంతా ఒకేసారి పట్టడం మొదలుపెడితే వచ్చే నీళ్ళు కూడా సన్నగిల్లుతాయి. అదే, "రెండురోజులు రావు, మూడోనాడు పొద్దున ఆరింటికి వస్తాయి" అని ఖాయంగా చెప్పారనుకోండి. విసుక్కుంటాం కాని, సర్దుకుంటాం. బట్టలు నానబెట్టడం మానేస్తాం, అంతే. వాటాల బజారు కూడా ఇల్లాలి లాంటిదే. కష్టం ఎంతో తెలిస్తే సర్దుకుంటుంది. ఎంతో తెలియకపోతే కంగారు పడుతుంది.

వాటా ధర అంటే ఇవాళ్టి లాభం కాదు. ఆ కంపెనీ వచ్చే పదేళ్ళలో, ఇరవయ్యేళ్ళలో ఏం సంపాదిస్తుందన్న ఆశకు ఇవాళ కట్టిన వెల. యుద్ధం ఆ ఆశకు పొగపెడుతుంది. పొగలో దారి కనబడక అందరూ ఒకే తలుపు వైపు పరుగెత్తుతారు. పొగ విడిపోయాక చూస్తే చాలాసార్లు ఇల్లు అలాగే ఉంటుంది.

1991 జనవరి సంగతి చెబుతాను. అంతకుముందు 1990 ఆగస్టు 2న ఇరాకు కువైట్‌ను ఆక్రమించింది. కొద్ది నెలల్లో చమురు ధర రెట్టింపైంది. అమెరికా ఎప్పుడు దాడి చేస్తుందో, ఏమవుతుందో అని ఐదున్నర నెలలు ప్రపంచమంతా గుండెలు చేత పట్టుకుని కూచుంది. జనవరి 17న బాంబులు పడనే పడ్డాయి. ఆ రోజు న్యూయార్కులో వాటాలు నాలుగు శాతానికి పైగా పెరిగాయి, చమురు ధర ఒక్కరోజులో పీపాకు పది డాలర్లు పడిపోయింది! బాంబులు పడుతుంటే సంబరమా అని మనకు ఒళ్ళు మండుతుంది. సంబరం కాదు, ఎటూ తేలని ఆ ఐదున్నర నెలలు అయిపోయాయన్న ఊరట.

మన కార్గిల్ యుద్ధం కూడా అంతే. 1999 మే నుంచి జూలై దాకా ఆ కొండల మీద మన కుర్రాళ్ళు ప్రాణాలు ఒడ్డుతుంటే, ఆ మూడు నెలల్లోనే సెన్సెక్సు సుమారు మూడోవంతు పెరిగింది. యుద్ధం ఆ కొండలు దాటి రాదని మార్కెట్టుకు నమ్మకం కుదిరింది, అంతకుముందే ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వం కూలినప్పుడు పడవలసినదంతా పడి ఉంది. 2016 సెప్టెంబరు 29న సరిహద్దు దాటి మెరుపుదాడులు చేశామన్న రోజున మాత్రం 465 పాయింట్లు పడింది. అందుకని "యుద్ధం వస్తే పడుతుంది" అని గాని "పెరుగుతుంది" అని గాని సూత్రం రాసిపెట్టుకుంటే కుదరదు.

ఆ మాటకొస్తే, శాంతి వచ్చి కొంపలు ముంచిన రోజులూ ఉన్నాయి! 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకుండా పోయింది. దాంతో మన పత్తికి ఎక్కడలేని గిరాకీ. మన కాకినాడ రేవు కూడా ఆ గాలికి కళకళలాడింది. బొంబాయిలో డబ్బు వరదైపోయింది. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే వ్యాపారి పేరు చెబితే చాలు, కంపెనీల వాటాలు ఎగబడి కొన్నారు. సముద్రాన్ని పూడ్చి నేల చేస్తామన్న కంపెనీ వాటాలకైతే వెలే లేదు. 1865లో అమెరికాలో యుద్ధం ఆగింది. పత్తి ధర పడింది, దాని వెంట వాటాలూ, వాటి వెంట పెద్దపెద్ద ఇళ్ళూ పడ్డాయి. యుద్ధం ఆగిందని లోకమంతా సంతోషిస్తుంటే బొంబాయిలో ఏడుపులు! ఎవరి చావో ఎవరికో పెళ్ళని ఊరికే అనలేదు పెద్దలు.

మన హైదరాబాదుకీ ఇందులో వాటా ఉంది. హైదరాబాదు స్టాక్ ఎక్స్చేంజి పుట్టింది 1943లో, అంటే నట్టనడి ప్రపంచయుద్ధంలో. యుద్ధకాలంలో సరుకుకు గిరాకీ, మిల్లులకు లాభాలు, చేతిలో ఆడే డబ్బు, వీటి మూలాన దేశంలో చాలాచోట్ల వాటాల బజార్లు వెలిశాయి. మనదీ ఆ కాలపు బిడ్డే. కోఠీ నుంచి సోమాజీగూడ దాకా చోట్లు మారుతూ అరవయ్యేళ్ళకు పైగా నడిచి, 2007లో గుర్తింపు పోగొట్టుకుంది. ఇప్పుడు ఆ గోలంతా మన చేతిలోని ఫోనులోకి వచ్చి కూచుంది. అప్పుడు దళారీ ఆఫీసుకు బస్సెక్కి వెళ్ళేలోపు సగం కోపమూ సగం భయమూ చల్లారేవి. ఇప్పుడు పప్పు పొంగేలోపు అమ్మేయవచ్చు.

నిజాం నవాబు మీర్ ఉస్మాన్ అలీఖాన్ కథ మీరూ విని ఉంటారు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు అయిదు టన్నుల బంగారం దేశానికి దానమిచ్చాడనీ, పెట్టెలు మాత్రం తిరిగిచ్చెయ్యమన్నాడనీ మా కాలేజీలో కూడా కథలు కథలుగా చెప్పుకునేవారు. అసలు జరిగింది దానం కాదు, మదుపు. యుద్ధం తరువాత ప్రభుత్వం జాతీయ రక్షణ స్వర్ణ బాండ్లు పెట్టింది. 1980లో తిరిగి చెల్లించే బాండ్లవి. నిజాం వాటిలో 4 లక్షల 25 వేల గ్రాముల బంగారం, అంటే 425 కిలోలు పెట్టాడు. ఆ డిసెంబరులో హైదరాబాదు వచ్చిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, బహిరంగసభలో అందుకు ఆయన్ను అభినందించారు.

దానం కాదు గదా అని పెదవి విరవకండి. నాకైతే ఆ పని దానం కన్నా తెలివైనదిగానే కనిపిస్తుంది. దేశానికి అక్కర వచ్చినప్పుడు తన దగ్గర కదలకుండా ఉన్న బంగారాన్ని అప్పిచ్చాడు, పదిహేనేళ్ళకు తిరిగి వచ్చే ఏర్పాటూ చూసుకున్నాడు. ఆయనకు ఆ పదిహేనేళ్ళలో ఆ బంగారంతో అవసరం లేదు. ఆ ఒక్క మాటా గుర్తుంచుకోండి, మళ్ళీ దానితో పని ఉంది.

ఇక ఈ భయం ఇంట్లోకి ఏ గుమ్మంలోంచి వస్తుందంటారా? ముందుగా వచ్చేది చమురు గుమ్మంలోంచి. మనం వాడే ముడిచమురులో నూటికి ఎనభై అయిదు పాళ్ళకు పైగా బయటినుంచి కొనుక్కునేదే. గల్ఫులో గాని రష్యా వైపు గాని నిప్పు రాజుకుంటే దాని ధర పెరుగుతుంది. దాన్ని డాలర్లలో కొనాలి కనక రూపాయి తగ్గుతుంది. రవాణా పెరిగి కూరగాయల నుంచి సబ్బుబిళ్ళ దాకా అన్నీ పెరుగుతాయి. కంపెనీల ఖర్చు పెరిగితే లాభం తగ్గుతుంది, వాటాల ధర తగ్గుతుంది. రెండో గుమ్మం విదేశీ మదుపరులది. భయం వేసినప్పుడు వాళ్ళు మన వాటాలు అమ్మేసి, తమ డబ్బు డాలర్లుగా పుట్టింటికి తీసుకుపోతారు. అలిగిన కోడలు పుట్టింటికి పోయినట్టే, ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేం.

2022 ఫిబ్రవరి 24 గుర్తుందా? రష్యా ఉక్రెయిన్ మీద పడిన రోజు. ఆ ఒక్కరోజే సెన్సెక్సు 2,702 పాయింట్లు పడి 54,529కి దిగింది. మరునాడే 1,328 పాయింట్లు లేచింది. మార్చి ఆఖరుకు 58,568. అయితే కథ అక్కడే సుఖాంతం కాలేదు, జూన్‌లో మళ్ళీ 51 వేల దగ్గరికి పోయింది. నవంబరు ఆఖరున 63 వేలు దాటింది. ఆ ఫిబ్రవరి గురువారం నాడు కంగారుపడి అంతా అమ్మేసిన మా బంధువు ఒకాయన, మార్చిలో తనని తాను తిట్టుకున్నాడు, జూన్‌లో తనని తాను మెచ్చుకున్నాడు, డిసెంబరులో మళ్ళీ తిట్టుకున్నాడు. ఆయన చేసింది తప్పో ఒప్పో ఆయనకే ఇప్పటికీ తేలలేదు.

మన వంటింటికి మాత్రం ఆ లెక్క వెంటనే తేలింది. మనం కొనుక్కొచ్చే పొద్దుతిరుగుడు నూనెలో అప్పట్లో ఎక్కువభాగం ఉక్రెయిన్‌దే. దిల్‌సుఖ్‌నగర్ కొట్లో నూనె ప్యాకెట్టు ధర అడిగితే కళ్ళు తిరిగాయి. మార్చి 22న గ్యాసుబండ మీద యాభై రూపాయలు పెరిగి, హైదరాబాదులో వెయ్యి దాటింది. వైద్యం చదవడానికి ఉక్రెయిన్ వెళ్ళిన మన పిల్లలు వేలమంది నేలమాళిగల్లో దాక్కుని, సరిహద్దులు దాటి, ప్రభుత్వం పంపిన విమానాల్లో ఇళ్ళకు వచ్చారు. సూచీ మరునాడు లేచింది గాని, నూనె ధర మరునాడు దిగలేదు. ఆ పిల్లల చదువులూ మరునాడు తిరిగి మొదలుకాలేదు. వాటాల బజారు మరచిపోయినంత తొందరగా మన ఇళ్ళు మరచిపోలేవు.

1990లోనూ ఇదే. కువైట్‌నుంచి లక్షా డెబ్భైవేల మందికి పైగా మనవాళ్ళను విమానాల్లో తీసుకొచ్చారు. వారిలో కడపవారూ, గోదావరి జిల్లాలవారూ ఎందరో! ప్రాణాలతో వచ్చారు గాని నెలనెలా పంపే డబ్బు ఆగింది. చమురు బిల్లు పెరిగి, బయటినుంచి వచ్చే డబ్బు తగ్గి, దేశం దగ్గర డాలర్లు నిండుకున్నాయి. చివరకు 1991 జూలైలో రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారం విదేశీ బ్యాంకుల్లో కుదువపెట్టింది. ఇంట్లో కష్టమొస్తే గాజులు తీసి తాకట్టు పెట్టే ఇల్లాలికి ఇది అర్థం కాని సంగతేమీ కాదు. పి.వి. నరసింహారావుగారు ప్రధాని అయ్యేనాటికి ఇంటి పరిస్థితి అదీ.

ఇంతవరకూ పడిపోయే వాటాల గురించే చెప్పాను. యుద్ధమొస్తే పెరిగే వాటాలు కూడా ఉన్నాయి. వాటికోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మా ఇంటినుంచి ఐ.ఎస్. సదన్ మీదుగా సంతోష్‌నగర్ దాటితే కంచన్‌బాగ్. క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ 1970లో పుట్టింది. వాటికీ విమానాలకూ కావలసిన ప్రత్యేక లోహాలు చేసే మిధానీ 1973లో పుట్టింది. ఈ చుట్టుపక్కల కాలనీల్లో ఆ సంస్థల్లో పనిచేసి ఇల్లు కట్టుకున్నవారు, పిల్లల్ని చదివించుకున్నవారు ఎందరో. 2018లో ప్రభుత్వం ఈ రెండింటి వాటాలూ జనానికి అమ్మింది. ఎదురింటి అన్నయ్యగారు మిధానీలో చేసి రిటైరైనవారు, కొన్ని కొనిపెట్టుకున్నారు.

2025 మే యుద్ధంలో భారత్ డైనమిక్స్ చేసిన ఆకాశ్ క్షిపణుల పేరు టీవీలో మారుమోగింది. కాల్పులు ఆగిన తరువాత రక్షణ సంస్థల వాటాలను జనం తిరునాళ్ళలో బూందీ కొన్నట్టు కొన్నారు. ఎదురింటి వదినగారు హడావిడిగా వచ్చి, "మీ అన్నయ్యగారు అమ్మనంటున్నారు, మీరైనా చెప్పండి. ఫ్రిజ్జు మార్చాలని ఎన్నాళ్ళనుంచో చెబుతున్నాను" అన్నారు. అన్నయ్యగారు గుమ్మంలోనే నిలబడి, "అమ్మనని కాదమ్మా. ఫ్రిజ్జు కొందాం గాని, వారంరోజులు ఆగి కొందాం. పై ఆవిడ కొడుకు ఇంకా అక్కడే ఉన్నాడు గదా" అన్నారు. వదినగారు మరి మాట్లాడలేదు. తరువాత కొన్ని నెలల్లో ఆ వాటాల వేడి చల్లారింది, ధరలు దిగాయి. ఫ్రిజ్జు మాత్రం వచ్చింది, ఆయన వారమన్నారు గాని రెండువారాలు పట్టింది.

ఈ సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆయుధం చేసే కంపెనీలో వాటా కొనడం పాపమా? పాపమని నేననను. దేశానికి ఆయుధం కావాలి, చేసేవాడికి కూలి కావాలి, పెట్టుబడి పెట్టినవాడికి లాభం కావాలి. కాని, వాటా ధర పెరగాలని దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు, ఏం జరిగితే అది పెరుగుతుందో కూడా ఒక్కసారి ఆలోచించుకోవాలి గదా. పైవాటాలో ఒక తల్లి దీపం పెట్టుకుని కూచున్న ఇంట్లో, కిందవాటాలో మనం ఏం కోరుకుంటున్నాం?

మధ్యవాటా ఆవిడ ఏం చేసిందో చెప్పనేలేదు. గురువారం రాత్రి ఆవిడా, ఆయనా మా ఇంటికొచ్చారు. "యుద్ధం ఏమవుతుందో నాకు తెలియదమ్మా, తెలిసినవారెవరూ లేరు" అన్నాను. "మూడునెలల్లో కావలసిన పెళ్ళిడబ్బు షేర్ల ఫండులో ఉండకూడదు. యుద్ధం ఉన్నా సరే, లేకపోయినా సరే. మిగతాది పదేళ్ళదాకా అక్కర్లేదంటే దాని మొహం చూడకండి." శుక్రవారం మధ్యాహ్నం లోపల మూడు లక్షలు తీసేశారు. సోమవారం మార్కెట్టు ఎగిరిందా! ఆయన మెట్ల మీద కూచుని లెక్కవేసి, "పదకొండువేలు పోయినయి" అన్నారు.

ఆవిడ తడుముకోలేదు. "పదకొండువేలు ఇచ్చి నాలుగు రోజులు నిద్రపోయిన. నువ్వు డాక్టరుకిస్తవు గదా, గట్లనే అనుకో" అంది. ఆ మాటకు మా వారు కూడా ఒప్పుకున్నారు. మిగతా మూడు లక్షలూ కదలకుండా అక్కడే ఉన్నాయి, సోమవారం వాటితోబాటు అవీ పెరిగాయి. శ్రావణంలో పెళ్ళి జరిగింది. బంగారం కొంచెం తగ్గించారు, భోజనాలు తగ్గించలేదు.

కాని నేను చెప్పాలనుకున్నది ఆ పదకొండువేల గురించి కాదు. డబ్బు తీసేసిన ఆ శుక్రవారం సాయంత్రం ఆవిడ మొదటిసారి పైవాటాకు వెళ్ళింది. అన్నం కలిపి తీసుకెళ్ళి, దగ్గర కూచుని తినిపించి వచ్చింది. అంతకుముందు మూడురోజులు ఎందుకు వెళ్ళలేదంటే, మనసు లేక కాదు. తన మనసంతా ఫోనులోని ఎర్ర అంకెల మీద ఉంది. ఒకే టీవీ ముందు కూచుని ఇద్దరూ ఒకే వార్త చూశారు. ఒకావిడ జమ్మూ పేరు కోసం విన్నది, ఇంకొకావిడ సెన్సెక్సు పేరు కోసం విన్నది. రేపటి అవసరం బజారుకు వేలాడుతుంటే మనిషికి పక్కింటి కష్టం చెవికెక్కదు. మంచివారికి కూడా ఎక్కదు.

అంచేత, పొదుపు చేయవద్దనీ, వాటాలు కొనవద్దనీ నేను చెప్పడం లేదు. ఇంటి డబ్బును మూడు కుప్పలు చేయండి. ఆరునెలల ఇంటిఖర్చు బ్యాంకులో, చెయ్యి చాపితే అందేచోట. అయిదేళ్ళలోపు కావలసిన పెళ్ళిళ్ళూ, ఫీజులూ, ఆపరేషన్లూ పోస్టాఫీసులోనో ఫిక్సెడ్ డిపాజిట్లోనో. ఆ రెండూ పోగా మిగిలినది, నిజాంగారి బంగారంలా పదిహేనేళ్ళు మన ఊసెత్తకపోయినా ఫరవాలేదనుకున్నది మాత్రమే వాటాల్లో. వచ్చే యుద్ధం ఎప్పుడో, ఎక్కడో ఎవరం చెప్పలేం. వచ్చిన రోజున మాత్రం మనం అంకెలు లెక్కపెట్టుకోకుండా మనుషుల గురించి ఆలోచించగలిగితే చాలు.

పైవాటా ఆవిడ కొడుకు కాల్పులు ఆగిన మరునాడు, ఆదివారం పొద్దున ఫోను చేశాడు. "అమ్మా, తిన్నావా?" అన్నాడట. అంతే, ఇంకేం మాట్లాడాడో ఆవిడకు గుర్తులేదు. కొన్నాళ్ళు పోయాక ఆవిడ నా దగ్గరికి వచ్చి, వాడు పంపే డబ్బులో నెలకు రెండువేలు ఎక్కడ వేయమంటారని అడిగింది. నేను మూడు కుప్పల పాఠం మొదలుపెట్టాను. అంతా విని, "మీరు చెప్పినట్టే చేస్తాను. గుక్కలదీ చూద్దాం. కాని ఒక్క మాట. వాడున్నచోట గొడవైతే పెరిగే వాటా మాత్రం నాకొద్దమ్మా" అంది.

అలాంటివి ఏ ఫండులో లేవో వెదకడానికి మా ఇద్దరికీ ఒక పూట పట్టింది. ఫండ్లన్నిటిలోనూ అన్ని రకాల కంపెనీలూ కలగలిసి ఉంటాయి మరి. ఆఖరుకు ఆవిడ, "ఎందుకొచ్చిన తంటా" అని లేచి, సైదాబాదు పోస్టాఫీసుకు వెళ్ళి అయిదేళ్ళ రికరింగ్ డిపాజిట్ కట్టి వచ్చింది. వడ్డీ తక్కువే. ఆవిడ అడిగిన షరతుకు మాత్రం అదొక్కటే సరిపోయింది.